ల్యాబు మొత్తానికీ ఒకే డెబియన్ ఇమేజా? ఎల్‌బీ బిల్డ్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

జూన్‌లో బడులు తెరుస్తారు. ల్యాబులో ముప్పై మిషన్ల ముందూ ఒక్కొక్కదాని దగ్గరా కూర్చుని తెలుగు ఫాంట్లూ లిబ్రేఆఫీసూ ఎక్కించే ఓపిక ఎవరికుంది? అందుకే నాలాంటివాళ్లం అన్నీ ముందే ఎక్కించిన ఒకే డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) ఇమేజ్, అంటే డిస్కంతా ఒకే ఫైలుగా, కట్టుకోడానికి మే ఎండల్లో లైవ్-బిల్డ్ అనే పనిముట్టును ముందేసుకుని కూర్చుంటాం. దాన్ని నడిపే ఆదేశమే ఎల్‌బీ బిల్డ్. పని సులువే. తప్పు చేస్తే మాత్రం అది ముప్పై చోట్ల అచ్చవుతుంది.

బిల్డ్ రూట్ అధికారంతో, అంటే మిషన్లో ఏదైనా మార్చగలిగే అధికారంతో, నడుస్తుంది కాబట్టి ముందు మీ సొంత మిషన్ సంగతి చూసుకోండి. బిల్డ్ మధ్యలో ఆగిపోతే, లోపలికెళ్లి చూద్దామని స్లాష్ డెవ్‌నో (డిస్కుల్లాంటి పరికరాలు కనబడే ఫోల్డర్), డౌన్‌లోడ్ల ఫోల్డర్నో సీహెచ్‌రూట్‌లోకి (కొత్త సిస్టమ్ తయారయ్యే ఫోల్డర్లోకి) బైండ్ మౌంట్ చేస్తాం, అంటే అసలు ఫోల్డరే అక్కడా కనబడేలా తగిలిస్తాం. తర్వాత ఆ సంగతి మర్చిపోయి, ఫోల్డర్నంతా అడక్కుండా చెరిపేసే ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ కొడితే పోయేది నకలు కాదు, అసలే. ముందు ఏవేవి తగిలించి ఉన్నాయో ఫైండ్‌మౌంట్‌తో చూడండి, మీరు పెట్టిన మౌంట్లు మీరే తీసేయండి, ఆ తర్వాతే పాత బిల్డును తుడిచే ఎల్‌బీ క్లీన్. దానికి పర్జ్ తగిలించారంటే దించుకున్న ప్యాకేజీల నిల్వ (క్యాషే) కూడా పోయి, అన్నీ మళ్లీ దించుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లకి ఆ బాధేంటో తెలుసు.

బిల్డ్ ఫోల్డర్‌ని విండోస్ పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్ డిస్కుల మీద పెట్టొద్దు, లినక్స్ అనుమతులు అక్కడ సరిగ్గా నిలవవు. నేనైతే కనీసం 20 జీబీ ఖాళీ ఉంటేగానీ మొదలుపెట్టను.

కాన్ఫిగ్‌లో డిస్ట్రిబ్యూషన్ పేరు, అంటే ఏ డెబియన్ విడుదలో, విడమరిచి రాయండి. డెబియన్ 13, అంటే ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న వచ్చింది. అంతకుముందు రాసిన ఆదేశాల్లో బుక్‌వార్మ్ (డెబియన్ 12) లాంటి పాత పేరు ఉంటుంది. రెండూ కలిపి వండితే ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగవు. "టెస్టింగ్" అని రాస్తే ఈరోజు కట్టిన ఇమేజ్ వచ్చే నెల అలాగే రాదు. కాన్ఫిగ్ ఆదేశాన్ని ఆటో ఫోల్డర్లోని స్క్రిప్టులో రాసి, దాన్ని మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకోండి.

ఇంకో మాయదారి తప్పుంది. ప్యాకేజీ జాబితా పేరు చివర "లిస్ట్" అనో "లిస్ట్.సీహెచ్‌రూట్" అనో, హుక్కు (బిల్డ్ మధ్యలో సీహెచ్‌రూట్‌లో నడిచే మన స్క్రిప్టు) పేరు చివర "హుక్.సీహెచ్‌రూట్" అని ఉండాలి. లేకపోతే ఎర్రర్ ఏమీ రాదు, ఆ ఫైలును పట్టించుకోదు, అంతే. ఫాంట్స్-టెలు (తెలుగు ఫాంట్ల ప్యాకేజీ) రాసిన ఫైలు పేరులో "లిస్ట్" అనే మాటే మర్చిపోయి, ల్యాబులో తెలుగు బదులు డబ్బాలు కనబడ్డాక తల పట్టుకున్నాను. హుక్కు మొదట్లో, తప్పు రాగానే ఆపేసే సెట్ మైనస్ ఈ పెట్టండి. లేదంటే మధ్యలో ఒక ఆదేశం విఫలమైనా బిల్డ్ ముందుకే పోతుంది.

అసలు దెబ్బ నాకు తగిలింది కాపీ దగ్గర. ఒక మిషన్లో ఇన్‌స్టాల్ చేసి, ఆ డిస్కునే మిగతావాటికి కాపీ చేశాను. ఒక్కో మిషన్‌కి వేరుగా ఉండాల్సిన గుర్తింపు సంఖ్య, మెషిన్-ఐడీ, అన్నింటికీ ఒకటే అయింది. నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఆ ఐడీ నుంచే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచే పద్ధతి) గుర్తింపు తయారుచేసుకుంటుంది కాబట్టి రెండు మిషన్లు ఒకే ఐపీ కోసం కొట్టుకున్నాయి. రోజంతా స్విచ్చిని తిట్టాను, పాపం. కాపీకి ముందు స్లాష్ ఈటీసీ ఫోల్డర్లోని మెషిన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి, తొలి బూటులో కొత్తది పుడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) హోస్ట్ కీలను, అంటే మిషన్‌ని గుర్తించే రహస్య కీలను, తీసేసి, ప్రతి మిషన్లో కొత్తవి పుట్టించండి. లేకపోతే ఒక మిషన్ కీ బయటపడితే మిగతావీ బయటపడ్డట్టే.

డెబియన్ లైవ్‌లో మామూలుగా వచ్చే యూజర్ పేరు "యూజర్", పాస్‌వర్డ్ "లైవ్". అది లోకానికంతా తెలుసు, మార్చండి. చిన్న కంప్యూటర్ బోర్డులు చేసే రాస్‌ప్బెర్రీ పై వాళ్లు ఈ బెడద వల్లే 2022 ఏప్రిల్లో "పై" అనే డిఫాల్ట్ యూజర్‌నే ఎత్తేశారు. వైఫై పాస్‌వర్డూ, మీ ప్రైవేట్ కీలూ ఇమేజ్‌లోకి అసలు వెళ్లనీయకండి. డిస్క్ ఇమేజ్‌లో ఫైలును తొలగించినా దాని బ్లాకులు అలాగే మిగలొచ్చు.

ఐఎస్‌ఓ (ఇమేజ్ ఫైలు) తయారయ్యాక ముందు నకిలీ మిషన్ నడిపే క్యూఈఎంయూలో పెట్టి చూడండి, ఒకసారి పాత బయోస్ బూటుతో, ఒకసారి కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐతో. ఆ తర్వాతే ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించే డీడీ ఆదేశం. పెన్‌డ్రైవ్ పెట్టక ముందోసారి, పెట్టాక మరోసారి డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి, కొత్తగా కనబడ్డ పేరునే డీడీలో ఎక్కడ రాయాలో చెప్పే ఓఎఫ్‌లో రాయండి. నిన్న ఎస్‌డీబీ అయినది ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. ఎంటర్ నొక్కే ముందు ఆ ఒక్క అక్షరాన్నీ పక్కనున్నవాళ్లకి పైకి చదివి వినిపించండి.