కాలేజీలో అందరూ వాడుకోగలిగే టాయిలెట్ ఎలా ఏర్పాటు చేయాలి?

అందరూ అంటే ఆడ, మగ, ట్రాన్స్‌జెండర్లు, వికలాంగులు, ఎవరైనా సరే. దానికోసం కొత్త బ్లాకు కట్టమని అర్జీ పెడితే ఫైలు ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఉన్నవాటితోనే మొదలుపెట్టండి.

1. క్యాంపస్ అంతా తిరిగి, లోపల గడియ పెట్టుకుంటే ఒక్కరే ఉండే టాయిలెట్లు ఎక్కడున్నాయో రాసుకోండి. చాలావాటికి ‘స్టాఫ్‌కి మాత్రమే’ అన్న బోర్డు, తాళం ఉంటాయి. వీల్‌చైర్ బొమ్మ ఉన్న గదిలోనేమో చీపుళ్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు! ఆ తాళం తీయించి, సామాను బయట పెట్టిస్తే సగం పని అయినట్టే.

2. పేరు రాయక్కర్లేని ఫారం ఇచ్చి ఇబ్బందులు అడగండి. ఆడపిల్లలను, వికలాంగులను, టాయిలెట్లు కడిగే ఆయమ్మలను కూడా అడగాలి. ‘మీలో ట్రాన్స్‌జెండర్లు ఎవరు?’ అని మాత్రం అడగకండి.

3. ఆడపిల్లల టాయిలెట్‌కి బోర్డు మార్చేసి ‘అందరికీ’ అనేయకండి. అవి అసలే చాలవు. వాటిని అలాగే ఉంచి, గ్రౌండ్ ఫ్లోర్‌లో వేరే గదులు ఎంచుకోండి. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ 2022లో అకడమిక్ బ్లాక్ గ్రౌండ్ ఫ్లోర్ వాష్‌రూమ్‌ను జెండర్ న్యూట్రల్‌గా, అంటే ఆడ, మగ తేడా లేకుండా ఎవరైనా వాడుకునేదిగా ప్రకటించింది. కింది అంతస్తు అయితే వీల్‌చైర్‌లో వచ్చేవారికీ పనికొస్తుంది.

4. మేస్త్రీకి కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. తలుపు తెరిచాక దారి 90 సెంటీమీటర్లు ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల వీల్‌చైర్ తిరగడానికి 150 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. కమోడ్ పక్కన పట్టుకోడానికి గట్టి కడ్డీలు, కింద పడిపోయినా చేతికందే బెల్లు పెట్టించండి. గుమ్మం దగ్గర మెట్టు ఉంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల చొప్పున ర్యాంపు వేయాలి. గోడలు సీలింగ్ దాకా ఉండాలి. కింద, పైన సందు వదిలిన పార్టిషన్లతో ఎవరికీ ధైర్యం రాదు. జెట్ స్ప్రే, బ్యాగు తగిలించే కొక్కెం, మూత ఉన్న చెత్తబుట్ట ప్రతి గదిలోనూ ఉండాలి. నెలసరి ఎవరికి వస్తుందో మనం ఊహించనక్కర్లేదు.

5. బోర్డు మీద మనిషి బొమ్మకి బదులు కమోడ్ బొమ్మ, కింద ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని పెద్దక్షరాలు చాలు. ట్రాన్స్‌జెండర్లకు ప్రత్యేక పబ్లిక్ టాయిలెట్లు కావాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పిన మాట నిజమే. కానీ అందరికీ అందరూ తెలిసిన కాలేజీలో ‘థర్డ్ జెండర్’ బోర్డు కింద నుంచి లోపలికి వెళ్లడమంటే కారిడార్ అంతటికీ చాటింపు వేసినట్టే. నా ఓటు అందరికీ పనికొచ్చే గదికే.

6. ప్రిన్సిపల్ సందేహిస్తే చట్టాలు చూపించండి. విద్యాసంస్థల్లో ట్రాన్స్‌జెండర్ల పట్ల వివక్షను 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం నిషేధించింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీ భవనాలు, సదుపాయాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

7. తెరిచే ముందు సెక్యూరిటీ వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఎవరినీ ‘నువ్వు ఇటెందుకొచ్చావ్?’ అని ఆపకూడదు. కడిగిన టైము రాసే చార్టు, నీళ్లు రాకపోతే ఫోన్ చేయాల్సిన నంబరు తలుపు మీద అంటించండి. తాళంచెవి ఎవరి జేబులోనూ ఉండకూడదు.