మార్క్‌డౌన్‌లో స్టెప్పుల నంబర్లు చెడకుండా కోడ్ పెట్టడం ఎలా?

మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో జాబితాలు, కోడ్ చూపించే పద్ధతిలో రాసిన ఇన్‌స్టలేషన్ గైడ్‌ను సైటులో తెరిస్తే మొదటి స్టెప్పు 1, రెండోదీ 1, మూడోదీ 1. కమాండ్లన్నీ ఎడమ అంచుకు అతుక్కుని ఉంటాయి. కిందెక్కడో "మూడో స్టెప్పు చూడండి" అని ఉంటే కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లు దేన్ని చూడాలి? రాసినవాళ్లను అడిగితే "గిట్‌హబ్‌లో బాగానే ఉందండీ" అంటారు. అక్కడ బాగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

ముందు చిన్న పనులు. గిట్‌లో కొత్త బ్రాంచి తీయండి. ఎడిటర్‌లో స్పేసులు చుక్కలుగా కనిపించే సెట్టింగ్ ఆన్ చేయండి. జాబితాల్లో ట్యాబులుంటే స్పేసులుగా మార్చండి. మేక్‌ఫైల్ కోడ్ లోపలి ట్యాబులను మాత్రం ముట్టుకోవద్దు, అక్కడ ట్యాబే ఉండాలి. ప్రతి జాబితాకు ముందు ఒక ఖాళీ లైను ఉండాలి. బుల్లెట్లకు అడ్డగీతే (-) వాడాలి, చుక్కగుర్తు (*) వాడకూడదు.

ఇక అసలు పని, కోడ్‌ని స్టెప్పు లోపలికి జరపడం. కోడ్‌కు పైనా కిందా పెట్టే మూడు బ్యాక్‌టిక్‌ల (```) లైను ఎడమ అంచున మొదలైతే జాబితా అక్కడితో ముగిసినట్టే. తర్వాత వచ్చే "2." కొత్త జాబితా అవుతుంది. గిట్‌హబ్ కామన్‌మార్క్ అనే మార్క్‌డౌన్ ప్రమాణం పద్ధతిలో నడుస్తుంది కాబట్టి ఆ కొత్త జాబితాను మీరు రాసిన 2 నుంచే మొదలుపెడుతుంది, తప్పు బయటపడదు. అదే ఫైలు డాక్యుమెంట్లను సైటుగా మార్చే ఎమ్‌కేడాక్స్‌లోకి వెళ్తే అక్కడి పైథాన్-మార్క్‌డౌన్ ఇంజిన్ మొదటి నంబరును పట్టించుకోదు, ప్రతి ముక్కనూ 1 నుంచి లెక్కపెడుతుంది.

ఎన్ని స్పేసులు జరపాలి? నాలుగు. మూడు చాలని చాలామంది వాదిస్తారు. కామన్‌మార్క్‌లో "1." తర్వాత ఒక స్పేసు, ఆపైన అక్షరం, అంటే మూడు సరిపోతాయి, నిజమే. తొమ్మిదో స్టెప్పు దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. పదో స్టెప్పులో నంబరుకు ఇంకో అంకె చేరుతుంది, మూడు స్పేసుల కోడ్ బయటపడిపోతుంది. పైథాన్-మార్క్‌డౌన్‌కు అయితే మొదటి నుంచీ నాలుగే కావాలి. 2004లో వచ్చిన తొలి మార్క్‌డౌన్ నియమం కూడా అదే. నాలుగు పెడితే రెండు చోట్లా పనిచేస్తుంది. ఫార్మాటర్ టూల్ చూసుకుంటుందిలే అని వదిలేయకండి, మీ సైటును ఏ ఇంజిన్ తయారుచేస్తుందో దానికి తెలియదు.

జరిపేటప్పుడు పై బ్యాక్‌టిక్‌ల నుంచి కింది బ్యాక్‌టిక్‌ల దాకా మొత్తం సెలెక్ట్ చేసి ఒకేసారి జరపండి. ఒక్కో లైనూ చేత్తో జరిపితే ఎక్కడో ఒక స్పేసు తేడా వస్తుంది. పైథాన్‌లో, యామల్‌లో ఆ ఒక్క స్పేసుకే అర్థం మారిపోతుంది. కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర ఎర్రర్ వస్తుంది.

ఇంకొకటి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఎమ్‌కేడాక్స్‌తో వచ్చే మామూలు ఫెన్స్‌డ్ కోడ్ ఎక్స్‌టెన్షన్ (బ్యాక్‌టిక్‌ల మధ్య ఉన్నదాన్ని కోడ్‌గా చూపేది) జాబితా లోపలి బ్యాక్‌టిక్‌లను గుర్తించదు. దాని బదులు పైమ్‌డౌన్ వాళ్ల సూపర్‌ఫెన్సెస్ అనే ఎక్స్‌టెన్షన్‌ను ఎమ్‌కేడాక్స్ కాన్ఫిగ్ ఫైల్లో చేర్చాలి. చేర్చకుండా నాలుగు స్పేసులు పెట్టినా కోడ్ పేరాలా కలిసిపోయి కనిపిస్తుంది.

తెలుగులో డాక్యుమెంట్లు రాసేవాళ్లకు ఒక మాట: ఇటాలిక్‌కు అండర్‌స్కోర్ (_) వాడకండి. మనం "ఫైల్" అన్నదానికి వెంటనే "లో", "ని" తగిలిస్తాం. ముగింపు అండర్‌స్కోర్ వెనకే అక్షరం వస్తే కామన్‌మార్క్ దాన్ని ముగింపుగా తీసుకోదు, గీతలు అలాగే పేజీలో మిగిలిపోతాయి. చుక్కగుర్తుతో ఆ బాధ లేదు. అయితే మాటను కొటేషన్లలో పెట్టి, వాటి బయట చుక్కగుర్తులు పెట్టి, ఆపైన "ని" తగిలిస్తే అదీ చెడుతుంది. కొటేషన్లు తీసేయండి.

చివరగా సైటును మీ మెషీన్‌లో నడిపి, పదో స్టెప్పు దాకా కిందికి వెళ్లి చూడండి. మార్పులు చూపించే గిట్ డిఫ్‌కు డబ్ల్యూ ఆప్షన్ (-w) ఇవ్వండి, స్పేసుల మార్పులు పక్కకు పోతాయి. ఖాళీ లైన్లు, బుల్లెట్ గుర్తులు, మీరు కావాలని మార్చినవి తప్ప ఇంకేదైనా కనిపిస్తే కోడ్‌లో పొరపాటున చెయ్యి పడిందన్నమాట. ఆ లైను వెనక్కి మార్చాకే కమిట్ చేయండి, ఆ కమిట్‌లో వాక్యాల దిద్దుబాట్లు కలపకండి.