నవ్వించే డైరీ నవలను ఆస్వాదించడం ఎలా?

ఎదిగే వయసు పిల్లలు రాసుకున్నట్టుగా సాగే హాస్య డైరీలను చాలామంది ఇరవై పేజీలు తిప్పి, ‘కథేం లేదే’ అని పక్కన పెట్టేస్తారు. మొదటిసారి నేనూ మామూలు నవలలా గబగబా చదివేసి, సగం నవ్వు పోగొట్టుకున్నాను. ఈ పుస్తకాలను చదివే తీరు వేరు. ఇంగ్లండ్ రచయిత్రి స్యూ టౌన్‌సెండ్ రాసిన ‘ది సీక్రెట్ డైరీ ఆఫ్ ఏడ్రియన్ మోల్, ఏజ్డ్ 13¾’ను ఉదాహరణగా తీసుకుందాం. 1982లో వచ్చిన పుస్తకం ఇది. కుర్రాడి వయసు పేరులోనే ఉంది: పదమూడు ముప్పావు. ఆ ముప్పావు వదిలేస్తే ఊరుకోని వయసు!

1. తేదీ చూసి చదవండి

కథ 1981 జనవరి 1న మొదలవుతుంది. మొదటిరోజే కొత్త సంవత్సరం తీర్మానాలు: చూపులేనివాళ్లను రోడ్డు దాటించాలి, ప్యాంటు హ్యాంగర్‌కి తగిలించాలి, మొటిమలు గిల్లకూడదు, కుక్కను ప్రేమగా చూసుకోవాలి. ముందురాత్రి కింద గదిలోంచి వినిపించిన శబ్దాలకు అసహ్యం పుట్టి, మందు జన్మలో ముట్టనని ఒట్టు కూడా పెట్టుకుంటాడు. తీరా చూస్తే ఆ రోజే గడ్డం మీద మొటిమ! ఈ తీర్మానాలను గుర్తుపెట్టుకోండి. ఏది ఎప్పుడు గట్టెక్కిందో, ఏది ఎలా చతికిలబడిందో ముందు ముందు తెలుస్తుంది. ఒక్కసారి కూర్చుంటే ఐదారు రోజుల డైరీ చాలు. రోజుకీ రోజుకీ మధ్య ఖాళీ ఉంటేనే మాట పేలుతుంది.

2. వాడికి అర్థం కానిది మీరు పట్టుకోండి

అసలు రుచి ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చూద్దాం. ఏడ్రియన్ స్కూలు నుంచి ఇంటికి వచ్చేసరికి పక్కింటి లూకస్ గారు వంటగదిలో వాళ్లమ్మతో కాఫీ తాగుతుంటాడు. గదంతా సిగరెట్ పొగ. ఇద్దరూ నవ్వుకుంటున్నారు, వీడు లోపలికి రాగానే నవ్వు ఆగిపోతుంది. వాడు అంతే రాసి వేరే విషయంలోకి వెళ్లిపోతాడు. ఇంకో రోజు, అమ్మకి ఒంట్లో బాగైంది కదా, ఈయన ఇంకా ఎందుకు వస్తున్నాడని విస్తుపోతాడు. మనకి విషయం తెలిసిపోయింది, వాడికి తెలియలేదు. నవ్వొస్తుంది, వెంటనే గుండె కలుక్కుమంటుంది. తనను తాను పెద్ద మేధావి అనుకుని బీబీసీకి కవితలు పంపే కుర్రాడు, కళ్లెదుట ఇల్లు బీటలు వారుతుంటే చూడలేకపోతున్నాడు. రచయిత్రి ఎక్కడా వివరించదు. కాబట్టి ఏ వాక్యమైనా మరీ మామూలుగా అనిపిస్తే అక్కడ ఆగి మళ్లీ చదవండి.

మనకు ఇది కొత్తేం కాదు. ముళ్ళపూడి బుడుగు డైరీ రాయడు గానీ, బాబాయి, రెండుజెళ్ళ సీత సంగతులు వాడు చెప్పినప్పుడు మనం నవ్వేది కూడా ఇందుకే. బుడుగు దగ్గర అలవాటైన చెవితోనే ఏడ్రియన్‌ని వినండి.

3. పక్కవాళ్లను వదలొద్దు

మంచిపని చేద్దామని వెళ్లిన ఏడ్రియన్‌కి తగిలే ముసలాయన బెర్ట్ బాక్స్‌టర్: 89 ఏళ్లు, బీట్‌రూట్ శాండ్‌విచ్‌లు, సిగరెట్లు, భయపెట్టే కుక్క. నాకైతే పుస్తకంలో అందరికంటే ఇష్టమైన మనిషి.

4. ఆ కాలం గురించి కాస్త తెలుసుకోండి

పావుగంట చాలు. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న రోజులవి. 1982 జనవరిలో బ్రిటన్‌లో నిరుద్యోగుల లెక్క 30 లక్షలు దాటింది. ఏడ్రియన్ నాన్న ఉద్యోగం పోవడం వెనక ఆ టెన్షన్ అంతా ఉంది. 1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా ఫాక్‌లాండ్ దీవులను ఆక్రమించిన వార్త విని, ఆ దీవులు స్కాట్లండ్ పక్కనే ఉన్నాయనుకుని నాన్న మంచం మీంచి ఒక్క గెంతు గెంతుతాడు. ఏడ్రియన్ ప్రపంచపటమంతా వెతికినా అవి కనపడవు. చివరికి అమ్మ కనిపెడుతుంది: ఫ్రూట్‌కేక్ ముక్క రాలి, దాని కింద ఉన్నాయి. దక్షిణ అట్లాంటిక్‌లో అవెంత చిన్న చుక్కలో ఒకసారి మ్యాప్ తీసి చూడండి, ఆ నవ్వు రెట్టింపవుతుంది.

5. పిల్లలకిచ్చే ముందు మీరు చదవండి

ఏడ్రియన్ డైరీలో తల్లిదండ్రులు విడిపోవడం, ఒంట్లో వచ్చే మార్పుల గురించిన బెంగ దాపరికం లేకుండా ఉంటాయి. టీనేజ్ పిల్లలకు ఇవ్వచ్చు. అంతకంటే చిన్నవాళ్లకు జెఫ్ కిన్నీ ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ (2007) తేలిక. అందులో ముందు రాత చదివించి, తర్వాత బొమ్మ చూపించండి. కుర్రాడు గొప్పగా చెప్పుకున్నదాన్ని చాలాచోట్ల పక్కనున్న బొమ్మే బయటపెట్టేస్తుంది.

6. కొన్నేళ్లాగి మళ్లీ తీయండి

మొదటిసారి ఏడ్రియన్‌ వయసులోనో దానికి దగ్గరలోనో చదివి ఉంటే, రెండోసారి వాళ్ల అమ్మానాన్నల వయసులో చదవండి. వంటగదిలో కొడుకును చూడగానే నవ్వు ఆపేసిన ఆ తల్లి వైపు నుంచి ఆ జనవరి ఎలా ఉంటుందో చూడండి.