తడి తగలని సీసా: మత్తుమందు పరీక్ష కిట్టును కాపాడుకునే తీరు

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినందుకు మా అమ్మమ్మ ఒకసారి నన్ను రోజంతా వంటింటి గడప తొక్కనివ్వలేదు. జీడిమెట్లలో మందుల తయారీ సంస్థ నాణ్యత విభాగంలో పదకొండేళ్లు పనిచేసి, ఆ తరవాత వెల్లింగ్టన్ వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడ సెలవు రోజుల్లో మత్తుమందులను పరీక్షించే శిబిరంలో బల్ల వెనుక కూర్చుంటాను. కొత్తగా చేరినవారికి నేను చెప్పే మొదటి పాఠం అమ్మమ్మదే. మత్తుమందు పొడి మీద చుక్క వేస్తే వచ్చే రంగును బట్టి అదేమిటో చెప్పే ద్రవాల్లో ఒకటి మార్క్విస్. ఆ సీసాకు తడి తగిలితే అది పాడైన ఊరగాయే. తేడా ఒక్కటే, బూజు కనిపించదు.

ఇదంతా న్యూజిలాండ్ మాట. ఇక్కడ 2020 డిసెంబరులో తాత్కాలికంగా, 2021లో శాశ్వతంగా, మత్తుమందులను పరీక్షించి చెప్పే పనికి చట్టం అనుమతినిచ్చింది. ఎవరైనా తమ దగ్గరున్న పొడినో మాత్రనో తెచ్చి, పేరు చెప్పకుండా, డబ్బు కట్టకుండా అదేమిటో తెలుసుకోవచ్చు. మన దేశంలో అలా కాదు. మాదకద్రవ్యాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఆ పొడి చేతిలో ఉండటమే నేరం. అక్కడివారికి నేను చెప్పగలిగింది 14446 నంబరు ఒక్కటే. అది వ్యసనం నుంచి బయటపడాలనుకునేవారి కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ కేంద్రం. ఇక్కడ న్యూజిలాండ్‌లో ఇంట్లో ఈ ద్రవాల కిట్టు కొని పెట్టుకున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. మిగతాదంతా వారి కోసం.

ముందు సీసాలో ఏముందో తెలియాలి. మార్క్విస్ అంటే గాఢ గంధకామ్లంలో కలిపిన ఫార్మాల్డిహైడ్. 1896లో ఎడువార్డ్ మార్క్విస్ దీన్ని వివరించాడు. మెకీ, మాండెలిన్, ఫ్రోడ్ అనే పరీక్ష ద్రవాలు కూడా అదే గంధకామ్లం మీద నిలబడినవి, కలిపే పదార్థం మాత్రం వేరు. గాఢ గంధకామ్లానికి నీటి దాహం ఎక్కువ. మూత వదులుగా ఉంటే గాలిలోని తేమను పీల్చుకుని పలచబడుతుంది. పలచబడితే రంగు రావలసిన వేగంతో రాదు, కొన్నిసార్లు అసలే రాదు. సైమన్స్ అనే మరో పరీక్ష ద్రవం సంగతి ఇంకొకటి. అది రెండు సీసాల జంట. ఒకదానిలో ఉండే నైట్రోప్రుస్సైడ్‌కు వెలుతురు పడదు. దానితో కలిపే ఎసిటాల్డిహైడ్ 20 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. అంటే మూత తీసిపెట్టి ఫోను మాట్లాడుతూ కూర్చుంటే, పరీక్ష గాలిలో కలిసిపోతున్నట్టే.

అందుకే నా పద్ధతి ఇది. సీసాలు ముదురు గోధుమ రంగు గాజువై ఉండాలి, మూతలు బిగించి నిటారుగా నిలబెట్టాలి. వాలితే ఆమ్లం మూతను, డ్రాపర్‌ను తినేస్తుంది. ఒక్కొక్క సీసానూ విడిగా గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అన్నింటినీ మూత ఉన్న డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను ఫ్రిజ్‌లో పెడతాను. అది పాలు, పెరుగు పెట్టే ఫ్రిజ్ కాదు. మా గ్యారేజీలో అందుకోసమే పాత చిన్న ఫ్రిజ్ ఒకటి ఉంది. అంత సదుపాయం లేకపోతే తాళం వేసిన, చల్లని, చీకటి అల్మరా మేలు. పిల్లలున్న ఇంట్లో తాళం లేకుండా పెట్టడానికి వీల్లేదు. ఆహారం పక్కన పెట్టే మాటే వద్దు. సీసా తెరిచిన తేదీని మార్కరుతో రాయండి. గది ఉష్ణోగ్రతలో ఉంచిన మార్క్విస్ ఆరు నెలలు దాటిందంటే నేను దాన్ని అనుమానిస్తాను, చల్లగా ఉంచినదైతే మరికొంత కాలం నమ్ముతాను. నీళ్లలా తేటగా ఉండవలసిన ద్రవం గోధుమ రంగుకు తిరిగినా, అడుగున తెల్లటి మడ్డి చేరినా తేదీ చూడనక్కరలేదు, పక్కన పెట్టేయాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తెరవకూడదు. చల్లటి గాజు మీద గాలిలోని తేమ నీటి చుక్కలుగా పేరుకుంటుంది, మూత తీయగానే లోపలికి జారుతుంది. అరగంట ఆగి, బయటి తడిని పొడి గుడ్డతో తుడిచి, అప్పుడే తెరవాలి. ఇది చెబితే కుర్రకారు నవ్వుతారు. నవ్వినవారి సీసాలే ముందు పాడవడం చూశాను.

నేను కూడా ఒకసారి నవ్వులపాలయ్యాను. ఒక జనవరిలో, ఇక్కడ నడి వేసవి, సంగీతోత్సవానికి వెళుతూ డబ్బాను కారు డిక్కీలో పెట్టి మరిచిపోయాను. డిక్కీ పొయ్యిలా కాలింది. మధ్యాహ్నం పరీక్షలు మొదలుపెడితే మార్క్విస్ రంగు నెమ్మదిగా, మసకగా వస్తోంది. మూడు నమూనాలకు అలా వచ్చాక గానీ తప్పు సీసాదని నాకు తట్టలేదు. ఆ ముగ్గురినీ వెతికి పిలిపించి, వేరే సీసాతో మళ్లీ చూశాం. అప్పటి నుంచి రోజూ మొదటి పరీక్ష ఆస్పిరిన్ మీదే చేస్తాను.

ఇది అందరూ చేయగలిగిన పని, డబ్బు కూడా పెద్దగా అవసరం లేదు. మందుల దుకాణంలో దొరికే మామూలు ఆస్పిరిన్ మాత్రను గీకి, ఆ పొడి మీద ఒక చుక్క మార్క్విస్ వేస్తే నెమ్మదిగా గులాబీ రంగు వచ్చి ముదురు ఎరుపుకు తిరగాలి. చక్కెర మీద వేస్తే గోధుమ రంగులోకి మాడాలి. ఆస్పిరిన్ మీదే ఏమీ జరగకపోతే, ఇక ఆ సీసా ఏ మాత్ర గురించి ఏమి చెప్పినా వినకండి.

ఇప్పుడు పరీక్ష. నైట్రిల్ చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు, తెరిచిన కిటికీ కావాలి. ఫార్మాల్డిహైడ్ ఆవిరి ముక్కులో పడకూడదు, అది క్యాన్సర్ కారకం కూడా. తొడుగు మీద చుక్క పడితే వెంటనే మార్చేయండి, గాఢ ఆమ్లం ముందు నైట్రిల్ ఎక్కువసేపు నిలవదు. తెల్లటి పింగాణీ సాసరు తీసుకోండి. కాగితం, ప్లాస్టిక్ గ్లాసు పనికిరావు. నమూనా గుండుసూది తలంత చాలు. మాత్రను పొడిగా ఉన్న బ్లేడుతో అంచున గీకండి, మాత్ర మీద నేరుగా చుక్క వేయకండి. డ్రాపర్ కొన పొడికి తాకకుండా, కాస్త ఎత్తు నుంచి ఒకే ఒక్క చుక్క వేయాలి. కొన తాకిందంటే సీసా మొత్తం కలుషితమైనట్టే. మళ్లీ అమ్మమ్మ గరిటె గుర్తు చేసుకోండి.

పసుపు బల్బు కింద రంగు చూడవద్దు. పగటి వెలుగు ఉత్తమం. వేసిన క్షణం నుంచి మొదటి ఐదు సెకన్లలో ఏ రంగు వచ్చింది, అర నిమిషానికి ఏమైంది అని రాసుకోండి. నిమిషం దాటాక వచ్చే మార్పులను పట్టించుకోకండి, ఆలస్యంగా అన్నీ నల్లబడతాయి. పరీక్షించిన పొడిని మళ్లీ నోటి దగ్గరకు తేవడం ఎలాంటి పరిస్థితిలోనూ కుదరదు.

ఒక్క సీసాతో తేల్చేవారి మీద నాకు కోపం. ఎక్‌స్టసీ అని పిలిచే ఎండీఎంఏ మార్క్విస్‌తో వెంటనే ఊదారంగు నుంచి నలుపుకు తిరుగుతుంది, కానీ దాని దగ్గరి బంధువు ఎండీఏ కూడా అంతే. సైమన్స్ వేస్తే ఎండీఎంఏకు నీలం వస్తుంది, ఎండీఏకు రాదు. మెథాంఫెటమైన్‌కు కూడా సైమన్స్ నీలమే ఇస్తుంది, కానీ దానికి మార్క్విస్ నారింజ నుంచి గోధుమ రంగు. ఇద్దరు సాక్షుల మాటా కలిస్తేనే తీర్పు. 2020-21 వేసవిలో ఇక్కడ ఎండీఎంఏ పేరుతో అమ్మినదానిలో యూటిలోన్ అనే వేరే ఉత్తేజక మందు చాలా దొరికింది. మార్క్విస్ వేస్తే పసుపు వచ్చేది. ఊదా కోసం ఎదురుచూసినవారి మొహాలు చూడాలి. భ్రాంతులు కలిగించే ఎల్‌ఎస్‌డీ మందు ఇంకించిన కాగితాలకు ఎర్లిక్ అనే ద్రవం వాడతారు. కాగితం అంచున చిన్న ముక్క కత్తిరించి వేసి కొన్ని నిమిషాలు ఆగితే ఊదా రావాలి. ఎల్‌ఎస్‌డీ పేరుతో అమ్మే, ఇంకా ప్రమాదకరమైన ఎన్‌బోమ్ రకం అయితే రాదు.

ఒకసారి కరీంనగర్ నుంచి వచ్చి ఆక్లాండ్‌లో చదువుకుంటున్న అబ్బాయి బల్ల మీదకు వంగి, "ఆంటీ, రంగు సరిగ్గా వచ్చిందిగా, అంటే మంచిదేనా?" అని అడిగాడు. "మంచిదా కాదా అని ఏ సీసా చెప్పదు నాయనా, ఇందులో ఇది ఉందని మాత్రమే చెబుతుంది" అన్నాను. ఎంత ఉందో చెప్పదు. దానితోపాటు ఇంకేముందో కూడా చెప్పదు. ఊదా లాంటి ముదురు రంగు కింద ఎండీఎంఏ పేరుతో అమ్మే పీఎంఏ లాంటి ప్రమాదకరమైన మందు దాక్కుని ఉండవచ్చు. దానికి మార్క్విస్ రంగు పలకదు. మా శిబిరంలో ఇన్‌ఫ్రారెడ్ యంత్రం కూడా ఉంది, అదీ తక్కువ శాతంలో ఉన్న పదార్థాలను వదిలేస్తుంది.

రవ్వంత మోతాదుతోనే ప్రాణం తీయగల నొప్పి మందు ఫెంటానిల్‌కు ఈ రంగుల సీసాలు పనికిరావు, దానికి వేరే పరీక్ష పట్టీలున్నాయి. 2022 జూన్‌లో వైరారపా ప్రాంతంలో కొకైన్ అనుకుని ఫెంటానిల్ కలిసిన పొడి వాడి పన్నెండు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ పట్టీల చదువు తలకిందులు. రెండు గీతలు వస్తే ఫెంటానిల్ దొరకలేదని, ఒక్క గీత వస్తే దొరికిందని అర్థం. కోవిడ్ పట్టీలకు అలవాటుపడినవారు రెండు గీతలు చూసి భయపడతారు, ఒక్క గీత చూసి ఊపిరి పీల్చుకుంటారు. రెండోది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. పట్టీలను ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గది ఉష్ణోగ్రతలో, సీలు విప్పని కవరులోనే ఉంచాలి.

పని అయ్యాక సాసరు మీద చుక్కను కాగితంతో తుడవకండి, అది మాడి చేతిని కాల్చగలదు. టబ్బులో నిండా చల్లటి నీళ్లు పోసి సాసరును మెల్లగా అందులో ముంచండి. ఆమ్లం నీటిలోకి వెళ్లాలి, నీరు ఆమ్లంలోకి కాదు. ఆ తరవాత వంటసోడా కొద్దికొద్దిగా చల్లితే నురగ వస్తుంది. నురగ ఆగేదాకా చల్లి, అప్పుడు కడగాలి. చర్మం మీద పడితే సోడా రుద్దవద్దు, కుళాయి కింద పావుగంటకు తక్కువ కాకుండా కడుగుతూనే ఉండాలి. కంట్లో పడితే కళ్లద్దాలు, లెన్సులు తీసేసి కడుగుతూనే అత్యవసర సేవకు ఫోను చేయించండి. ఇక్కడ అది 111.

కాలం చెల్లిన సీసాను సింకులో పోయకండి, మూత బిగించి చెత్తడబ్బాలోనూ వేయకండి. మా నగరపాలక సంస్థ ప్రమాదకరమైన వ్యర్థాలను తీసుకునే చోట ఇస్తాను. ఇవ్వబోయే ముందు సీసా మీద తేదీ రాసిన లేబుల్ పైన పెద్ద అక్షరాలతో "పాడైంది" అని రాస్తాను. లేకపోతే మా ఆయన పొదుపు కోసం దాన్ని మళ్లీ అల్మరాలో పెడతాడు.