కళ్లు తెరవని కుక్కపిల్ల ఇంటికొస్తే: ఏ లక్షణానికి ఏం చేయాలి

చిత్తకార్తెలో, అంటే అక్టోబరు రెండు మూడు వారాల్లో జతకట్టిన కుక్కలు సుమారు 63 రోజులకు ఈనుతాయి. లెక్క వేసుకుంటే డిసెంబరు మధ్యకు వస్తుంది, మన దగ్గర చలి ముదిరే రోజులవి. ఆ నెలల్లోనే బడి నుంచి వచ్చే పిల్లలు చేతుల్లో కుక్కపిల్లతో గుమ్మంలో నిలబడతారు. ఇంట్లో ఎవరికీ కుక్కను పెంచిన అలవాటు ఉండదు. జాలిపడి ముందుగా చేసే పని, గిన్నెలో పాలు పోసి దాని ముందు పెట్టడం. చాలాసార్లు కష్టం అక్కడే మొదలవుతుంది.

మొదటి మూడు వారాల్లో పిల్ల ప్రాణానికి ముప్పు తెచ్చేవి ముఖ్యంగా మూడు: ఒళ్లు చల్లబడటం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం. వీటిని సరిదిద్దడానికి ఒక వరస ఉంది. ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. కింద రాసిన వాటిలో మిగతావన్నీ మర్చిపోయినా ఈ వరస మాత్రం గుర్తుపెట్టుకోండి.

దేనికైనా ముందు వయసు తెలియాలి. కళ్లు మూసుకుని ఉంటే రెండు వారాల లోపు పిల్ల. కళ్లు తెరిచి, తూలుతూ నడుస్తూ, చిగుళ్ల మీద పళ్లేమీ లేకపోతే రెండు మూడు వారాలు. సన్నటి పాలపళ్లు తగులుతుంటే మూడు నాలుగు వారాలు. పరుగెత్తుతూ, కనిపించినదల్లా కొరుకుతుంటే ఆరు వారాలు దాటినట్టే. ఇంకో మాట: పిల్లలు ఒంటరిగా కనిపించినంత మాత్రాన తల్లి లేదని కాదు. అది తిండికి వెళ్లి ఉండొచ్చు. ప్రమాదమేమీ లేకపోతే రెండు మూడు గంటలు దూరం నుంచి గమనించండి. తల్లి పాలకు సాటి వచ్చేది ఏ దుకాణంలోనూ దొరకదు.

కొనుక్కునేవాళ్లకూ ఒక సంగతి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. "నెల పిల్లండి, చిన్నప్పుడు తీసుకెళ్తేనే మీకు బాగా అలవాటవుతుంది" అని ఎవరైనా చెబితే అక్కడ కొనకండి.

ఒళ్లు చల్లగా ఉంది, కదలడం లేదు, పాలు పట్టడం లేదు

మీ చిటికెన వేలు శుభ్రంగా కడుక్కుని పిల్ల నోట్లో పెట్టి చూడండి. బాగున్న పిల్ల నోరు లోపల వెచ్చగా ఉంటుంది, వేలిని నాలుకతో చుట్టి గట్టిగా చప్పరిస్తుంది. లోపల చల్లగా తగిలి, వేలు పెట్టినా పట్టించుకోకపోతే అది చలికి బిగిసిపోయిందని అర్థం. డిజిటల్ థర్మామీటరు ఉంటే కొనకు కొంచెం కొబ్బరినూనె రాసి మలద్వారంలో కాస్త పెట్టి చూడొచ్చు. మొదటి వారంలో 95 నుంచి 99 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి.

ఇంత చిన్న పిల్ల తన ఒంటి వేడిని తానే నిలబెట్టుకోలేదు. వణికి వేడి పుట్టించుకునే శక్తి కూడా మొదటి వారంలో ఉండదు. తల్లి పొట్టకు, తోబుట్టువులకు అతుక్కుని బతుకుతుంది. ఒళ్లు చల్లబడితే పేగులు కదలడం ఆగిపోతుంది. అలాంటప్పుడు పోసిన పాలు అరగవు, పొట్టలోనే పులిసి ఉబ్బరిస్తాయి, లేదా వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లగా ఉన్న పిల్లకు పాలు పట్టొద్దని అంత గట్టిగా చెప్పేది అందుకే.

వెంటనే చేయగలిగింది, పిల్లను మీ చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని పైన దుప్పటి కప్పుకోవడం. ఈలోగా ఎవరితోనైనా ఒక అట్టపెట్టె సిద్ధం చేయించండి. అడుగున పాత నూలుచీర మడతలు వేసి, వేడినీళ్ల సీసాను తువ్వాలులో రెండు చుట్లు చుట్టి ఒక పక్కన మాత్రమే పెట్టాలి. రెండో పక్క ఖాళీగా ఉంటే వేడి ఎక్కువైనప్పుడు పిల్ల అటు పాకగలుగుతుంది. సీసా చల్లారగానే మార్చాలి, లేకపోతే అదే పిల్ల వేడిని లాగేస్తుంది. హెయిర్ డ్రయ్యరు, వేడినీళ్ల స్నానం, పొయ్యి దగ్గర పెట్టడం ఏవీ వద్దు. ఒక్కసారిగా వేడెక్కితే గుండె తట్టుకోలేదు. గంట, రెండు గంటలు పట్టినా నెమ్మదిగానే వేడెక్కాలి. నోరు వెచ్చబడి వేలిని చప్పరించడం మొదలుపెట్టాకే పాల సంగతి చూడండి. మొదటి వారమంతా పెట్టె లోపల 85 నుంచి 90 డిగ్రీలు ఉండాలి. నాలుగో వారానికి 75 చాలు.

వెచ్చబడ్డాక కూడా వేలిని పట్టకపోతే ఇంట్లో వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. దారిలో కూడా ఆ సీసా పక్కనే ఉండాలి.

తూలుతోంది, వణుకుతోంది, మెడ వాల్చేస్తోంది

ఇది రక్తంలో చక్కెర పడిపోవడం. చిన్నజాతి పిల్లల్లో, సరిగా తినని పిల్లల్లో మూడు నెలల దాకా ఈ భయం ఉంటుంది. గ్లూకోజు పొడి చెంచాడు కొంచెం గోరువెచ్చటి నీళ్లలో కలిపి, వేలితో అద్ది చిగుళ్లకు రాయండి. తేనె అయినా పంచదార నీళ్లయినా పనికొస్తాయి. స్పృహ సరిగా లేని పిల్ల నోట్లో ఏదీ పోయకూడదు, రాయడమే. తేరుకున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి, ఎందుకు పడిపోయిందన్నది ఇంకా తేలలేదు కాబట్టి.

పాలు తాగుతుంటే ముక్కులోంచి వస్తున్నాయి

పసిపాపను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టి పట్టడం, ఉగ్గుగిన్నెతో పోయడం, సిరంజిని ఒక్కసారిగా నొక్కడం, సీసా పీకకు రంధ్రం పెద్దదిగా ఉండటం, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. కుక్కపిల్ల తల్లి దగ్గర బోర్లా పడుకునే తాగుతుంది. మీరూ అలాగే పట్టాలి. ఒళ్లో తువ్వాలు పరిచి బోర్లా పడుకోబెట్టి, తల కొంచెం మాత్రమే పైకి ఉండేలా గడ్డం కింద వేలు ఆనించండి. సీసాను తలకిందులు చేస్తే పాలు చుక్కచుక్కగా రాలాలి కానీ ధారగా కారకూడదు. అది చప్పరించినప్పుడే మింగనివ్వండి.

ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవండి. ఆ తర్వాత ఊపిరి గరగరలాడినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా న్యుమోనియా మొదలవుతోందని అనుమానించాలి. రేపటిదాకా ఆగకండి. మనిషి వేళ్లు తడబడే అర్ధరాత్రి రెండు గంటల పాలప్పుడే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

పుట్టిన వారంలోపు పిల్లకు రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి పట్టాలి, తర్వాత మూడు నాలుగు గంటలకోసారి. ఒక విడతకు 100 గ్రాముల బరువుకు 4 మిల్లీలీటర్లు దాటొద్దు. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే రోజూ ఒకే వేళకు తూకం వేసి రాసుకోండి. బరువు రోజురోజుకూ పెరగాలి, వారం పది రోజులకు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఒక్కరోజు తగ్గినా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చాలా జబ్బుల్లో అన్నిటికంటే ముందు కనిపించే గుర్తు అదే.

కడుపు నిండినా ఏడుపు ఆపడం లేదు

పాలు పట్టారు, పెట్టె వెచ్చగా ఉంది, అయినా కుయ్యోమంటోందంటే మూత్రం పోయించారా అని చూసుకోండి. మూడు వారాల దాకా అది తనంతట తాను మూత్రమూ మలమూ విసర్జించలేదు. తల్లి నాకితేనే వస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన దూదితో పొట్ట కింది భాగాన్ని, తోక కింద నెమ్మదిగా నిమరండి. ప్రతి విడత పాలకు ముందో వెనకో ఇది చేయాల్సిందే. కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని పని ఇది, చెప్పకపోవడం వల్ల పోయే పిల్లలు ఉన్నాయి.

పాలు పట్టిన మర్నాటి నుంచి పల్చటి విరేచనాలు

ఆవు, గేదె పాలలో కుక్క పాల కంటే లాక్టోజు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. ఆ లాక్టోజు అరగక విరేచనాలవుతాయి. నీళ్లు కలిపి పలచన చేస్తే బలం ఇంకా తగ్గిపోతుంది. పసిపిల్లల సెరెలాక్ కూడా పాలపళ్లు రాని కుక్కపిల్లకు తిండి కాదు. పెట్ షాపులో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, డబ్బా మీద రాసిన కొలతకే కలపండి. తలుపు తట్టినా దుకాణం తెరవని రాత్రయితే, కాచి గోరువెచ్చగా చేసిన మేకపాలు కొద్దికొద్దిగా పట్టొచ్చు, ఆ పూటకు మాత్రమే.

విరేచనాలైన పిల్ల మెడ వెనక చర్మాన్ని పైకి లాగి వదిలి చూడండి. మడత వెంటనే సర్దుకోకపోయినా, చిగుళ్లు వేలికి జిగురుగా తగిలినా ఒంట్లో నీరు తగ్గింది. దానికి సెలైన్ పడాలి. మనుషుల విరేచనాల మాత్రలు, పారాసెటమాల్ లాంటివి సొంతంగా వేయకండి. మనకు మామూలైన మోతాదు దానికి విషమవుతుంది.

నాలుగో వారం నుంచి మెత్తటి తిండి మొదలుపెట్టొచ్చు. కుక్కపిల్లల తొలి తిండిగా అమ్మే పప్పీ స్టార్టరును గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పేస్టులా చేసి పళ్లెంలో పెట్టండి. ఇంటి తిండయితే మెత్తగా ఉడికిన అన్నంలో ఎముకలు తీసిన చికెన్, ఉడికిన గుడ్డు మెదిపి పెట్టొచ్చు, కానీ అదొక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం చాలక కాళ్లు వంకర పోతాయి. పప్పీ ఫుడ్ తినే పిల్లకు పైన మళ్లీ కాల్షియం టానిక్ పోయడమూ పొరపాటే, పెద్దజాతుల్లో దానివల్లా ఎముకలు పాడవుతాయి. ఒట్టి పెరుగన్నంతో ఎదిగే పిల్ల ఎదగదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష పూర్తిగా దూరం పెట్టండి.

పొట్ట డప్పులా ఉంది, వెన్నెముక మాత్రం చేతికి తగులుతోంది

నట్టలు. నులిపురుగులు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు సోకుతాయి, పాల ద్వారా కూడా వస్తాయి. కాబట్టి "మా ఇంట్లో శుభ్రంగానే ఉంది కదా" అని ధైర్యపడటానికి లేదు. వాంతిలోనో మలంలోనో ఉడికించిన సేమియాలాంటి పురుగులు కనిపిస్తాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, మలం తారులా నల్లగా ఉంటే అవి కొంకిపురుగులు, రక్తం పీల్చేస్తున్నాయి. ఇది తొందరపడాల్సిన సంగతి.

నట్టల మందు రెండో వారంతో మొదలుపెట్టి నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు వేయాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది, కాబట్టి తూచి, డాక్టరు రాసిందే వేయండి. ఈ పురుగుల గుడ్లు మనుషుల ఒంట్లోకీ వెళ్తాయి. పిల్లలు దానితో ఆడుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మలాన్ని ఎప్పటికప్పుడు ఎత్తేయాలి.

వాంతులు, తిండి మానేసింది, నీచు వాసనతో రక్త విరేచనాలు

దీన్ని పార్వోగా, అంటే పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బుగా భావించే కదలండి. కాదని డాక్టరు చెప్పాక ఊపిరి పీల్చుకోవచ్చు. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు పిల్లలకు ఎక్కువగా వస్తుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. వైరస్‌ను చంపే మందంటూ లేదు. సెలైన్, వాంతులు తగ్గే మందులు, యాంటీబయాటిక్‌లతో పిల్లను నిలబెడితే దాని ఒళ్లే జబ్బును గెలుస్తుంది. వేళకు ఆసుపత్రిలో చేర్చిన పిల్లలు చాలావరకు బతుకుతాయి, ఇంట్లో మజ్జిగ పట్టి చూద్దామని రెండు రోజులు గడిపినవాటిలో చాలావరకు బతకవు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి, దగ్గరివాళ్లు అక్కడికి తీసుకెళ్లొచ్చు.

మామూలు ఫినాయిల్‌కు ఈ వైరస్ చావదు, పైగా ఆ తడి నేలను నాకితే పిల్లకే ప్రమాదం. పిల్లను వేరే గదిలో ఉంచి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి నేలను తడిపి, పది నిమిషాలుంచి కడగండి.

టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయిస్తూ ఉండాలి. "ఒక డోసు వేయించాం కదా" అనుకుని వీధిలో వదలకండి. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ కొన్నాళ్లు ఆ టీకాను పనిచేయనివ్వదు, మళ్లీ మళ్లీ వేసేది అందుకే. అలాగని నాలుగు గోడల మధ్య బంధించొద్దు. ఎత్తుకుని తిప్పండి, మనుషుల్నీ ఆటోల చప్పుడునూ అలవాటు చేయండి. ఈ వయసులో చూడనిదానికి పెద్దయ్యాక భయపడుతుంది.

చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు

పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిన్నగా లాగి, సబ్బునీళ్లలో వేయండి. పశువులకు కొట్టే పిడుదుల మందు, కిరోసిన్, డెట్టాల్ చిన్న పిల్లలకు పూయకూడదు, నాకి చచ్చిపోగలవు. ఎక్కువగా ఉండి చిగుళ్లు పాలిపోతే డాక్టరుకు చూపించండి.

రాత్రంతా ఏడుపు, ఇల్లంతా తడి

రెండూ జబ్బులు కావు. మంచం పక్కనే పెట్టె పెట్టి, వీలైతే తల్లి పడుకున్న గుడ్డ ఒకటి అందులో వేయండి. మూడు నాలుగు రాత్రులకు టెన్షన్ తగ్గుతుంది. లేవగానే, తినగానే, ఆడగానే ఒకేచోటికి తీసుకెళ్లండి, అక్కడ పోస్తే మెచ్చుకోండి. కొట్టడం, ముక్కును తడిలో రుద్దడం వల్ల అది మీ నుంచి దాక్కుని పోయడమే నేర్చుకుంటుంది.

ఆడుతూ పన్ను దిగింది, రక్తం వచ్చింది

పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. చిన్న పిల్ల కదా, దీనికి రేబిస్ ఏమిటని అనుకోకండి, వీధి నుంచి వచ్చిన పిల్లకు ఏ వయసులోనైనా ఉండొచ్చు. గీరుకున్నా సరే, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. టీకా అక్కడ ఉచితం, చెప్పిన తేదీల్లో ఒక్కటీ మానకూడదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, తర్వాతి డోసు తేదీని ఆ చీటీ మీదే డాక్టరుతో రాయించుకోండి.