పెద్ద వయసులో తూలి పడకుండా ఉండాలంటే ఏ వ్యాయామాలు ఎలా చేయాలి?

"రోజూ వాకింగ్ చేస్తున్నాగా, ఇంకెందుకు?" అంటారు చాలామంది పెద్దవాళ్లు. నడక గుండెకు మంచిదే. కానీ పడిపోకుండా ఉండటానికి అదొక్కటే చాలదు. కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ ఇచ్చే సమాచారంతో మెదడు మనల్ని నిలబెడుతుంది. వయసుతో ఇవన్నీ మందగిస్తాయి, తొడల్లో కండ కూడా తగ్గుతుంది. కాబట్టి కాస్త తూలినా నిలదొక్కుకోవడం అనే పనిని విడిగా సాధన చేయాలి.

ఏడాదిలో ఒకసారైనా పడి ఉంటే, లేచినప్పుడు కళ్లు తిరుగుతుంటే ముందు డాక్టరుకు చెప్పండి. కొన్ని నిద్రమాత్రలు, బీపీ మందులు కూడా తూలేలా చేస్తాయి. అలాగని మందులు మీ అంతట మీరే ఆపేయకండి.

మొదట చోటు చూసుకోండి. వంటింటి గట్టు లాంటి కదలని ఆసరా ముందుండాలి, వెనక ఒక గట్టి కుర్చీ. కింద చక్రాలుండి జారిపోయే కుర్చీ వద్దు. నున్నటి నేల మీద ఉత్త సాక్సులతో అసలు వద్దు.

ఇప్పుడు మీ స్థాయి తెలుసుకోండి. పక్కన ఎవరినైనా ఉంచుకుని, పాదాలు రెండూ కలిపి 10 సెకన్లు నిలబడండి. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి, ఆ తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తాకేలా పెట్టి, చివరికి ఒంటికాలి మీద. మడమ, వేళ్లు తాకించిన భంగిమలో 10 సెకన్లు నిలవలేకపోతే పడే ముప్పు ఎక్కువని అర్థం. ఎక్కడ ఆగిపోయారో అదే మీ సాధన. ఒక్కో భంగిమలో 10 సెకన్ల చొప్పున, కాళ్లు మారుస్తూ కొన్నిసార్లు చేయండి.

దీనికి కాళ్ల బలం తోడవ్వాలి. నన్నడిగితే, ఒక్కటే చేసే ఓపిక ఉంటే కుర్చీలోంచి లేవడం చేయమంటాను. కుర్చీ అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు దభీమని కూలబడకుండా మెల్లగా దిగండి. అసలు పని అంతా ఆ దిగడంలోనే ఉంది. మొదట్లో చేతుల సాయం తీసుకోండి, 5 సార్లు చాలు. క్రమంగా 10కి పెంచి, చేతులు వదిలేయండి. ఊపిరి బిగపట్టకూడదు.

తర్వాత గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం, కాలిని పక్కకు ఎత్తడం, గట్టు వెంట పక్క అడుగులు వేయడం. ఇవి ఒక్కొక్కటి 10 సార్లు.

తేలికైపోయాక కష్టం పెంచాలి. రెండు చేతులతో పట్టుకున్నవాళ్లు ఒక చేత్తో, తర్వాత ఒక వేలితో. ఏ మాత్రం తూలకుండా హాయిగా అయిపోతుంటే బ్యాలెన్స్‌కు పని పడనట్టే. ఆసరాకు చెయ్యి అందేంత దూరంలోనే ఉండి, కొంచెం తూలనివ్వండి. కళ్లు మూసుకుని చేసే ప్రయోగాలు మాత్రం ఒంటరిగా వద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, తల తిరగడం ఉంటే వెంటనే ఆపేయండి.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు ఇలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఫలితానికి వారాలు, నెలలు పడుతుంది. మానేస్తే వచ్చిన బలం కూడా పోతుంది. గుంపుగా చేయడం ఇష్టమైతే తాయ్ చీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) మంచి దారి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది: కింద నుంచి లేవడం. తోడు ఉన్నప్పుడు నేర్చుకోండి. పక్కకు తిరిగి, చేతులూ మోకాళ్ల మీదకు వచ్చి, కుర్చీ దాకా పాకి, దాని మీద చేతులు ఆనించి, బలమైన కాలి పాదాన్ని ముందు నేలకు మోపి లేవాలి. నిజంగా పడినప్పుడు తుంటి దగ్గర నొప్పి ఉన్నా, తలకు దెబ్బ తగిలినా లేచే ప్రయత్నం చేయకుండా మనుషుల్ని పిలవండి.