విమానాల మోత ఇంట్లోనే ఎలా కొలవాలి, కొలిచాక ఏం చెయ్యాలి

మా ఇల్లు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర, రన్‌వేకి ఇంచుమించు నేరుగా ఉంటుంది. రాత్రి రెండింటికి విమానం దిగుతుంటే వంటింట్లో స్టాండ్‌కి తగిలించిన గరిటెలు సన్నగా మోగుతాయి, అమ్మ లేచి కూర్చుంటుంది, మళ్ళీ కన్నంటుకునే టైముకి ఇంకోటి వస్తుంది. మోత ఎక్కువుందండీ అని ఊరికే ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోరు, అదే టైమూ నంబరూ రాసిన కాగితం పెడితే చదవక తప్పదు.

ముందు ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకోండి. ఐఫోన్ అయితే నియోష్ (పనిచోట్ల భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఎస్ఎల్ఎం, అంటే సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఫ్రీ, నేనైతే అదే చెప్తా. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి మైకు మారిపోతుంది, అందుకని తెలిసినవాళ్ళ దగ్గర అసలు మీటర్ ఉంటే పక్కపక్కన పెట్టి ఎంత తేడా వస్తుందో రాసి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో ఏ-వెయిటింగ్ (మన చెవికి వినిపించే తీరులో కొలిచేది), స్లో (నంబరు ఎగిరెగిరి పడకుండా నిదానంగా చూపించేది) పెట్టాలి.

ఎక్కడ పెడుతున్నామనేది చాలా ముఖ్యం. నేను మొదటి వారం డాబా మీద వాటర్ ట్యాంక్ గోడకి ఆనించి పెట్టా, గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం కూడా కలిసి నంబర్లన్నీ పెరిగిపోయాయి, ఆ వారం లెక్కంతా పక్కన పడేశా. గోడలకి మూడు నాలుగు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తున స్టాండ్ మీద పెట్టండి, మైకుకి స్పాంజి తొడగండి, ఈదురుగాలి వీచే రోజులు, వాన పడే రోజులు వదిలేయండి. ఒక్కో విమానానికి టైము, ఎక్కువలో ఎక్కువ ఎంత చూపించింది, ఎన్ని సెకన్లు ఉంది, దిగిందా ఎగిరిందా రాయండి, ఏ ఫ్లైటో ఫ్లైట్‌రాడార్24 అనే యాప్‌లో కనిపిస్తుంది. విమానం లేనప్పుడు ఎంతుందో కూడా రాయాలి, మధ్యలో కుక్క మొరిగితే ఆ లైను కొట్టేయండి.

ఒక్క వారం చాలదు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే ఎగురుతాయి, మన శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, అంటే వానాకాలంలో పడమటి గాలి ఉన్నప్పుడు తూర్పు వైపు నుంచి వచ్చి దిగుతాయి, చలికాలంలో గాలి తిరిగితే అటుది ఇటు అవుతుంది. రెండు కాలాల్లోనూ తలా ఒక వారం కొలవాలి.

ఇప్పుడు అసలు సంగతి. 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి 50,000 పైన రాకపోకలుండే ఎయిర్‌పోర్ట్ చుట్టూ పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్ లిమిట్, మిగతావాటికి 65, 60. ఇవన్నీ సగటు లెక్కలు. రాత్రి పది నుంచి ఆరు దాకా 20 విమానాలు వచ్చి, ఒక్కోటి పది సెకన్లు 75 డెసిబెల్స్ మోత పెట్టాయనుకోండి, ఎనిమిది గంటల సగటు 53 దాకానే వస్తుంది. కాగితం మీద అంతా బానే ఉంటుంది, ఇంట్లో మాత్రం 20 సార్లు నిద్ర చెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విమానాల మోత రాత్రి సగటున 40 దాటకూడదని చెప్పింది. అందుకే సగటొక్కటే ఇవ్వకండి, రాత్రికి 70 దాటినవి ఎన్ని, ఏ టైముకి అన్నది పైన పెద్దక్షరాలతో రాయండి.

దాన్ని ఎయిర్‌పోర్ట్ వాళ్ళకీ పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకీ డీజీసీఏకీ (విమానాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) పంపండి, కాలనీ అసోసియేషన్ పేరుతో వెళ్తే ఇంకా మంచిది. ఏం కావాలో కూడా అడగండి, రాత్రి ఇళ్ళు తక్కువున్న వైపు రన్‌వే వాడమనీ, దిగాక రివర్స్ థ్రస్ట్ (ఇంజన్ గాలిని ముందుకి తోసి వేగం తగ్గించడం) తగ్గించమనీ, మెట్లు మెట్లుగా కాకుండా ఒకే జారుడుగా దిగే పద్ధతి పెట్టమనీ.

ఇంట్లో అయితే ముందు సందులు మూయండి. స్లైడింగ్ కిటికీ ఎంత ఖరీదైనదైనా పట్టాల దగ్గర సందుంటుంది, రబ్బరు బీడింగ్‌తో గట్టిగా బిగిసే రెక్కల కిటికీ, లామినేటెడ్ గ్లాసుతో (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండేది), చాలా నయం. ఏసీ పైపు కన్నం, బాత్రూమ్ వెంటిలేటర్ మర్చిపోకండి, మేం అమ్మ గదితోనే మొదలుపెట్టాం.

ప్లాట్ కొనేవాళ్ళకి ఒక్క మాట, ఎయిర్‌పోర్ట్ ఎన్‌ఓసీ ఉంది సార్ అని బిల్డర్ చూపించే ఆ అనుమతి కాగితం బిల్డింగ్ ఎత్తు గురించి, మోత గురించి కాదు. మ్యాప్‌లో రన్‌వే గీతని రెండు వైపులా పొడిగించి చూడండి, దిగే విమానం పది కిలోమీటర్ల దూరంలో కూడా 500 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.